నోటి మాటకు ఎన్ని మార్కులు?

ఆచార్యుడు: మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కాలేజీ సీటు రావాలంటే నోరు విప్పాల్సిన పనే లేదమ్మా. ఇంజినీరింగ్‌కి ఈఏపీసెట్, మెడిసిన్‌కి నీట్, ఐఐటీకి జేఈఈ, తెలంగాణలో డిగ్రీకి దోస్త్. అన్నీ ర్యాంకుల లెక్కలో మార్కుల లెక్కలో. నత్తి ఉన్న పిల్లవాడూ, గలగలా మాట్లాడే పిల్లవాడూ అదే ప్రశ్నపత్రం రాస్తారు. ఇంతకంటే సమానమైన దారి ఎక్కడ దొరుకుతుంది? మాట సరిగా రాని పిల్లలకు, భాష పట్టుబడని పిల్లలకు సాయం వద్దని నేననను. మూడేళ్ల వయసులో చెయ్యండి, బడిలో చెయ్యండి. సీటు ఇచ్చేచోట మాత్రం కొలత మార్చకండి.

థెరపిస్టు (వాక్ చికిత్స): మీరు చెప్పే దారి ఇంటర్ అయ్యాక ఒక్కసారే కనిపిస్తుంది సార్. దానికి ముందూ వెనకా నోటితోనే పని. దోస్త్‌లో సీటు ఇంటర్ మార్కుల మీదే కదా ఇచ్చేది? తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లిష్‌ను 80 మార్కుల రాత పరీక్షగా, 20 మార్కుల ప్రాక్టికల్‌గా విడగొట్టింది. పిల్లల చేత మాట్లాడించాలన్న ఆలోచన మంచిదే. కానీ మాట గొంతులో ఆగిపోయే పిల్లవాడు ఎగ్జామినర్ ఎదుట నిలబడితే ఆ 20లో ఎన్ని వస్తాయి? డిగ్రీ దాటాక పరిస్థితి ఇంకా కష్టం. క్యాట్ స్కోరు ఎంతున్నా ఐఐఎం ఇంటర్వ్యూలో మాట్లాడాల్సిందే. పీహెచ్‌డీ ప్రవేశాలకు యూజీసీ 2022 నిబంధనలు ప్రవేశ పరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 పెట్టాయి. రాతలో ముందున్నవాడు ఆ ముప్పైలో పదో పన్నెండో పోగొట్టుకుంటే జాబితాలో ఎక్కడికి జారిపోతాడో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరు అలాంటి బోర్డుల్లో ఏళ్ల తరబడి కూర్చున్నవారు.

ఇంకో సంగతి. ఏ జాబితాలోనూ కనపడని నష్టం వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున జరుగుతుంది. లా చదవాలని ఉన్న అమ్మాయి మూట్ కోర్టుకు భయపడి బీకాం పెట్టుకుంటుంది. టీచరు కావాలని ఉన్న అబ్బాయి బీఈడీ ఊసెత్తడు. "ఆ మాటల చదువులు నీకెందుకు నాన్నా" అని ఇంట్లోవాళ్లే ప్రేమగా తప్పిస్తారు.

ఆచార్యుడు: తప్పించడం బాధాకరమే, ఒప్పుకుంటాను. కానీ ఆ అమ్మాయికి కలిగిన అనుమానంలో కొంత నిజం లేదా? కొన్ని చదువుల్లో మాట్లాడటం చదువుకు తోడుగా ఉండే నైపుణ్యం కాదు, ఆ వృత్తి అంతా మాటే. బార్ కౌన్సిల్ మూట్ కోర్టును తప్పనిసరి పేపర్లలో పెట్టిందంటే విద్యార్థుల్ని వేధించడానికి పెట్టలేదు. రేపు ఆమె వాదించబోయేది ఒక మనిషి స్వేచ్ఛ గురించి. డాక్టరు సంగతి ఇంకా స్పష్టం. పెద్దాసుపత్రి ఓపీలో ఒక్కో రోగికి దొరికేది రెండు మూడు నిమిషాలు. ఎదురుగా ఉన్నది ఏ నాగర్‌కర్నూలు నుంచో వచ్చిన ముసలమ్మ. ఆమెకు చెవులు సరిగా వినపడవు, చదువు రాదు. ఈ మాత్ర పొద్దున, ఈ మాత్ర అన్నం తిన్నాక అని డాక్టరు చెప్పింది ఆమెకు అర్థం కాకపోతే నష్టపోయేది ఎవరు? మనం ఇక్కడ కూర్చుని విద్యార్థి హక్కు గురించి మాట్లాడుతున్నాం. ఆ ముసలమ్మ తరఫున మాట్లాడేవాళ్లు ఈ గదిలో ఎవరూ లేరు.

థెరపిస్టు: ఆవిడ తరఫున మీరు మాట్లాడారు, ఆ ప్రశ్న అడగాల్సిందే. అయితే ఆ ప్రశ్నకు మన దేశం ఇన్నాళ్లూ ఎలా జవాబు చెప్పిందో చూడండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం అందే ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ఉంచాలి. చట్టం గుర్తించిన వైకల్యాల్లో మాట, భాషా వైకల్యం కూడా ఉంది. తీరా ఎంబీబీఎస్‌కు 2019లో తెచ్చిన నిబంధనలు ఏం చెప్పాయి? మాట వైకల్యం 40 శాతం లోపు ఉంటే కోర్సు చదవొచ్చు కానీ కోటా వర్తించదు. 40, ఆపైన ఉంటే కోర్సుకే అనర్హులు. మాట ఎంతవరకు అర్థమవుతోందో చూసి స్కోరు వేసేవారు, అది 3 దాటకూడదనేవారు. అంటే కోటా తలుపు తెరుచుకునే చోటే కాలేజీ తలుపు మూసుకుపోయేది. ఆ నిబంధన కింద మాట వైకల్యంతో కోటాలో సీటు తెచ్చుకోవడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు. ఇందులో మీ ముసలమ్మ గురించి ఆలోచించిన జాడ నాకు కనపడలేదు. ఆ విద్యార్థిని పిలిచి, రోగి ఎదుట కూర్చోబెట్టి, ఏం జరుగుతుందో ఎవరూ చూడలేదు. అంకె చూసి ఆపేశారు.

ఆచార్యుడు: దాన్ని సుప్రీంకోర్టు సరిదిద్దింది కదా.

థెరపిస్టు: 2024 అక్టోబరులో. అదీ మహారాష్ట్ర నుంచి ఒక విద్యార్థి ఢిల్లీ దాకా వెళ్లి పోరాడితే. పుట్టుకతో అంగిలిలో రెండు వైపులా చీలిక. ఆపరేషన్ అయింది, అయినా మాట ముక్కుతో వస్తుంది, కొన్ని శబ్దాలు పలకవు. వైకల్యం 44, 45 శాతమని తేల్చి అనర్హుడన్నారు. కోర్టు ఇంకో మెడికల్ బోర్డుతో చూపిస్తే, చదవగలడని ఆ బోర్డే చెప్పింది. వైకల్యం 40 శాతం ఉందన్న ఒక్క కారణంతో ఎవరినీ తోసిపుచ్చకూడదనీ, ఈ కోర్సు చదవగలడా లేడా అన్నది బోర్డు మనిషిని చూసి రాతపూర్వకంగా కారణాలతో తేల్చాలనీ కోర్టు తీర్పు చెప్పింది. ఆ విద్యార్థికి సీటు దక్కింది. ఢిల్లీ దాకా వెళ్లలేని పిల్లల సంగతే నాకు బెంగ.

ఆచార్యుడు: ఆ తీర్పును నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక ఒకటి అడుగుతాను. మనిషిని చూసి తేల్చమని కోర్టు చెప్పింది. చూశాక కొందరి విషయంలో "లేదు, ఇతను ఈ కోర్సు చెయ్యలేడు" అని బోర్డు రాయొచ్చు. ఆ రోజున మీరు బోర్డు మాట వింటారా? లేక ఆ 'లేదు'ను కూడా వివక్ష అంటారా?

థెరపిస్టు: వింటాను. ఒక షరతుతో. ఆ బోర్డులో వాక్ చికిత్స తెలిసినవాళ్లు ఉండాలి. ఆ విద్యార్థికి అవసరమైన పరికరం, సమయం, ఏర్పాటు అన్నీ ఇచ్చి చూసిన తర్వాత ఆ మాట రాయాలి. అలా చూసి రాస్తే నేనే ఆ తల్లిదండ్రులకు నచ్చజెబుతాను. అన్ని చదువులూ అందరికీ అని నేనెప్పుడూ అనలేదు. అత్యవసర విభాగంలో ఒక్క క్షణంలో ఒక మాట బయటికి రావాల్సిన పనులున్నాయి. కానీ వైద్యమంతా అత్యవసర విభాగం కాదు కదా సార్. పేథాలజీ ఉంది, రేడియాలజీ ఉంది, పరిశోధన ఉంది. ఎంబీబీఎస్ గుమ్మం దగ్గరే ఆపితే ఆ గదులు కూడా మూసినట్టే.

ఆచార్యుడు: ఆ గదులకు వెళ్లాలన్నా అయిదున్నరేళ్లు వార్డుల్లో కేసులు చెప్పాలి, హౌస్ సర్జన్సీ చెయ్యాలి. దారి ఆ వార్డుల గుండానే పోతుంది. సరే, దాన్ని పక్కన పెడదాం. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ 5 శాతం. అది ఒకే కుండ. అందులోంచే చూపు లేనివాళ్లకు ఇవ్వాలి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు ఇవ్వాలి, వినపడనివాళ్లకు ఇవ్వాలి. మాట కాస్త తడబడేవాళ్లందర్నీ మీరు అందులోకి తెస్తే పక్కకు జరగాల్సింది ఎవరు? గలగలా మాట్లాడే ఓపెన్ కేటగిరీ పిల్లవాడు జరగడు. పుట్టుగుడ్డి పిల్ల జరుగుతుంది. ఒక బలహీనుడి వాటా ఇంకో బలహీనుడికి ఇవ్వడాన్ని సాయం అనడానికి నాకు నోరు రాదు.

థెరపిస్టు: మీ మాటల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే నేను కోటా విస్తరించమని అడగడం లేదు. చట్టంలో మాట వైకల్యం నిర్వచనం చాలా ఇరుకు. కాన్సర్‌తో స్వరపేటిక తీసేసినవాళ్లు, పక్షవాతంలాంటి దెబ్బతో మాట పోయినవాళ్లు దానికి చెప్పిన ఉదాహరణలు. శారీరకమైన, నాడీ సంబంధమైన కారణాలతో శాశ్వతంగా వచ్చినది అని రాశారు. నత్తి పేరు అందులో లేదు. పెద్దవాళ్లలో నూటికి ఒకరికి నత్తి ఉంటుందంటారు. వీళ్లలో చాలామందికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ రాదు, వచ్చే దారీ లేదు.

పైగా నత్తి స్వభావం వేరు. అది ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు. పాట పాడితే పోతుంది, నలుగురితో కలిసి చదివితే పోతుంది, ఒంటరిగా గదిలో మాట్లాడుకుంటే పోతుంది. తన పేరు చెప్పమంటే మాత్రం గొంతు పట్టేస్తుంది. సదరం క్యాంపులో పది నిమిషాలు చూసి దీనికి శాతం ఎలా వేస్తారు? అందుకే శాతాల జోలికి పోకుండా, ఆ గదిలో ఆ రోజున కావలసిన ఏర్పాటు అడుగుతున్నాను. ఇంటర్వ్యూలో రెట్టింపు సమయం ఇవ్వండి. మధ్యలో మాట అందించొద్దని బోర్డుకు ముందే చెప్పండి. ఫోన్ ఇంటర్వ్యూ వద్దంటే మానుకోండి. వీటివల్ల ఎవరి సీటూ పోదు.

ఆచార్యుడు: సర్టిఫికెట్ లేకుండా ఏర్పాటు ఎలా ఇస్తారు? అడిగిన ప్రతివాడికీనా?

థెరపిస్టు: చేతివేళ్లు పట్టేసి రాయలేని ఒక యూపీఎస్సీ అభ్యర్థి కేసులో సుప్రీంకోర్టు ఇదే ప్రశ్నకు 2021 ఫిబ్రవరిలో జవాబిచ్చింది. 40 శాతం ఉండాలన్నది రిజర్వేషన్‌కు పెట్టిన షరతు, రాసేందుకు ఇంకొకరి సాయం ఇవ్వడానికి ఆ షరతు వర్తించదని చెప్పింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతం లోపు ఉన్నవారికి కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. చేతికి ఒప్పుకున్నది నోటికి ఎందుకు ఒప్పుకోకూడదు?

ఆచార్యుడు: ఒప్పుకోవచ్చు. కానీ చేతికి ఇచ్చినప్పుడు ఏమైందో కూడా చూడాలి. అదనపు సమయం అనేసరికి ఎవరు ముందు వస్తారు? వారానికోసారి ప్రైవేటు థెరపీకి డబ్బు పెట్టగలిగిన ఇల్లు వస్తుంది. పిల్లవాడి ఇబ్బందికి ఒక పేరుందని తెలిసిన ఇల్లు వస్తుంది. ఆసిఫాబాద్‌లోనో పాడేరులోనో ఉన్న పిల్లవాడికి అంతకంటే తీవ్రమైన నత్తి ఉండొచ్చు. వాడిని బడిలో "ఒరేయ్ నత్తోడా" అని పిలుస్తారు, అక్కడితో సరి. వాడికి రోగనిర్ధారణ లేదు, లేఖ లేదు, అడగాలన్న ఊహ లేదు. మీరు తెరిచే కిటికీలోంచి జూబ్లీహిల్స్ గాలే వస్తుందమ్మా.

థెరపిస్టు: నా దగ్గరకు వచ్చేవాళ్లను చూస్తే మీ మాట కాదనలేను. జాతీయ స్థాయి సంస్థ మైసూరులో ఉంది, 1965 నుంచీ ఉంది. అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో బోయినపల్లి వైపు ఉంది. జిల్లాల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి పిల్లల్ని తీసుకొచ్చే తల్లుల్ని చూశాను. నాలుగు వారాలు వస్తారు. కూలి పోతుంది, ఛార్జీలు పెరుగుతాయి, అయిదో వారం రారు. మీరన్నట్టు ఏర్పాట్లన్నీ ముందు అందేది చదువుకున్న ఇళ్లకే. అయితే దానికి మందు ఏర్పాట్లు ఆపేయడమా? అడిగినవాళ్లకే ఇవ్వడం మానేసి, కాల్‌లెటర్‌లోనే అందరికీ రాయొచ్చు కదా: "మాట్లాడటంలో ఇబ్బంది ఉంటే చెప్పండి, ఎక్కువ సమయం ఇస్తాం" అని. పాడేరు పిల్లవాడికి ఆ ఊహ ఆ కాగితమే ఇస్తుంది.

ఆచార్యుడు: అది బాగుంది. అది నేను చేస్తాను.

ఇప్పుడు మీ శాస్త్రం నుంచే ఒక ప్రశ్న. నత్తి గురించి మీరే ఎన్నోసార్లు చెప్పగా విన్నాను: తప్పించుకోవడమే దాన్ని పెంచి పోషిస్తుందని. ఫోన్ ఎత్తకపోవడం, కష్టమైన మాట బదులు ఇంకో మాట వాడటం, క్లాసులో చెయ్యి ఎత్తకపోవడం. తప్పించుకున్నకొద్దీ భయం ఇంకాస్త గట్టిపడుతుందంటారు. థెరపీలో పిల్లల్ని బజారుకు పంపి, కావాలనే నత్తిగా మాట్లాడమంటారు కూడా. మరి అదే పిల్లలకు వైవా మినహాయింపు, సెమినార్ మినహాయింపు, గ్రూప్ డిస్కషన్ మినహాయింపు అడుగుతూ మీ సంఘాలవాళ్లే మా దగ్గరకు వస్తారు. ఒక చేత్తో భయం పోగొట్టి ఇంకో చేత్తో దానికి సర్టిఫికెట్ ఇస్తున్నట్టు కాదా?

థెరపిస్టు: మినహాయింపు విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వైవా పూర్తిగా ఎత్తేయమని అడగడం నాకూ ఇష్టం లేదు. నాలుగేళ్లు ఒక్క సెమినార్ ఇవ్వకుండా డిగ్రీ పట్టుకుని బయటికి వెళ్లిన పిల్లవాడికి ఉద్యోగం ఇంటర్వ్యూ రోజున కాళ్లు వణుకుతాయి. అప్పుడు మనం ఆదుకున్నట్టు కాదు, వాయిదా వేసినట్టు. కానీ నేను అడిగేది మాట్లాడే పద్ధతి మార్చమని. మాట్లాడటమే ఎత్తేయమని కాదు. అయినా ఇక్కడో తేడా చెప్పాలి. బజారులో కావాలని నత్తిగా మాట్లాడినప్పుడు పిల్లవాడు ఏమీ పోగొట్టుకోడు. షాపతను నవ్వితే నవ్వుతాడు. ఆ ధైర్యం అలా మెల్లగా కూడగట్టుకుంటాడు. ఇంటర్వ్యూ బోర్డు ముందు ఓడిపోతే అయిదేళ్ల జీవితం పోతుంది. భయాన్ని ఎదుర్కొనే అభ్యాసం, మార్కులు వేసే పరీక్ష ఒకే గదిలో పెట్టకూడదు.

ఆచార్యుడు: అలాగైతే అసలు సాయం పెట్టాల్సింది సీటు వచ్చాక. నా అసలు కోపం ఇదే. సీటు ఇచ్చి ఫొటో దిగి వదిలేస్తారు. ఆ తర్వాత ఆ పిల్లవాడు ఉన్నాడో పోయాడో ఎవరికీ పట్టదు. అమెరికా పద్ధతి చూడండి. మన తెలుగు పిల్లలు వేలమంది అక్కడ చదువుతున్నారు. అక్కడి చట్టంలో 504వ సెక్షన్ కింద ప్రవేశానికి ముందు నీకు వైకల్యం ఉందా అని కాలేజీ అడగడానికే వీల్లేదు. వైకల్యానికంటూ విడిగా సీట్లూ లేవు. సీటు వచ్చాక మాత్రం దాదాపు ప్రతి క్యాంపస్‌లో వైకల్య సేవల ఆఫీసు ఉంటుంది. పిల్లవాడు వెళ్లి చెప్పుకుంటే ప్రొఫెసర్లకు లేఖలు వెళ్తాయి. నాకది శుభ్రమైన పద్ధతిగా కనిపిస్తుంది: గుమ్మం దగ్గర అడగరు, లోపలికొచ్చాక వదలరు.

థెరపిస్టు: పిల్లవాడు వెళ్లి చెప్పుకుంటే అన్నారు చూశారా, చిక్కంతా అక్కడే ఉంది. అక్కడున్న మన తెలుగు కుటుంబాల్లో బడిలో ఉన్నంతకాలం పిల్లవాడికి ఐఈపీ అని ఒక ప్రణాళిక ఉంటుంది, బడే దగ్గరుండి నడిపిస్తుంది. హైస్కూలుతో అది ముగిసిపోతుంది. కాలేజీలో తన ఇబ్బంది తానే వెళ్లి, తన నోటితో, కొత్తవాళ్లకు చెప్పుకోవాలి. మాట్లాడటమే కష్టమైన పిల్లవాడికి పెట్టిన మొదటి పరీక్ష అది. దానికితోడు "మనవాడికి ఏమీ లేదు, నెమ్మదస్థుడు" అని దాచే పెద్దలు అక్కడా ఉన్నారు. ఇక్కడి నుంచి వెళ్లేవాడికైతే ఆ క్యాంపస్ గేటు కన్నా ముందు ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష, ఆపైన వీసా కౌంటర్. కాన్సులేట్‌లో రెండు నిమిషాల్లో జవాబు తడబడితే అబద్ధం చెబుతున్నాడేమో అనిపించదా?

సీటు తర్వాత సాయం కావాలన్న మీ మాట మాత్రం నాకు పూర్తిగా సమ్మతం. ఇంకో అడుగు ముందుకేసి చెబుతాను. మన దివ్యాంగుల హక్కుల చట్టంలోనే ఉద్యోగాలకు 34వ సెక్షన్ ఉంది. అక్కడ 4 శాతం రిజర్వేషన్‌ను ఎవరెవరికని పేరుపేరునా పంచారు. చూపు, వినికిడి, కాళ్లూ చేతులూ, ఆటిజం, మేధో వైకల్యం, చదువులో ఇబ్బందులు, మానసిక అనారోగ్యం. మాట, భాషా వైకల్యం పేరు అందులో లేదు. చదువుకు పిలిచిన చట్టం ఉద్యోగం దగ్గర మర్చిపోయింది.

ఆచార్యుడు: ఇంతసేపూ మనం పలకడం గురించే మాట్లాడుకున్నాం. భాష మాటేమిటి? భాషా లోపం నన్ను ఇంకా ఎక్కువ తికమకపెడుతుంది. పలకలేనివాడి బుర్రలో ఆలోచన నిండుగా ఉంటుంది, అది నాకు అర్థమవుతుంది. వాక్యం చదివి అర్థం చేసుకోవడమే కష్టమైనవాడికి కాలేజీలో ఏ ఏర్పాటు చెయ్యాలి? అక్కడ చదువంటేనే భాష కదా.

థెరపిస్టు: ఈ పిల్లల గురించి ఎవరూ అడగరు సార్, మీరు అడిగారు. భాష ఎదుగుదలలో లోపం ఉన్న పిల్లలు సుమారు నూటికి ఏడుగురని పరిశోధనలు చెబుతున్నాయి. వినికిడి బాగుంటుంది, తెలివి బాగుంటుంది. పొడవాటి వాక్యం వినేసరికి తోక పట్టుకునేలోపు తల జారిపోతుంది. "కింది వాటిలో సరికానిది కానిది ఏది" లాంటి ప్రశ్న చూసి ఆగిపోతారు. నీట్‌లో ఇప్పుడు 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. అలాంటి పిల్లకు కణ విభజన బాగా వచ్చు. వాక్యం విప్పుకోవడానికే నిమిషం అయిపోతుంది. అక్కడ మనం కొలిచింది జీవశాస్త్రమా, వాక్యమా?

చూడండి, నీట్‌ను మన ప్రభుత్వమే తెలుగుతో కలిపి 13 భాషల్లో పెడుతోంది. ఎందుకు? భాష అడ్డం కాకూడదనే. ఇంగ్లిష్ రానివాడికి ఒప్పుకున్న న్యాయమే, ఏ భాషా సులువుగా పట్టుబడనివాడికీ అడుగుతున్నాను. వైకల్యం 40 శాతం ఉన్నవాళ్లకు గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇప్పటికే ఉంది. వీళ్లలో చాలామందికి ఆ కాగితమే రాదు. చట్టంలో భాషా వైకల్యం కింద వెతికితే వీళ్లు కనపడరు. డిస్లెక్సియాతో పాటు రాసిన 'ఎదుగుదలలో వచ్చే అఫేజియా' అన్న మాట కింద ఇరికించాలి. ఇరికించే ఓపిక ఉన్న డాక్టరు దొరకాలి.

ఆచార్యుడు: తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్‌కొచ్చి ఇంగ్లిష్ పుస్తకం చూసి బెదిరే పిల్లలు మా క్లాసులో సగం బెంచీలు నిండుతారు. రేపు వాళ్లందరూ భాషా లోపం అంటే?

థెరపిస్టు: అనలేరు. ఈ లోపం ఉంటే ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగులోనూ కనపడుతుంది. రెండో భాషలో మాత్రమే ఇబ్బంది ఉంటే అది లోపం కాదు, అలవాటు చాలకపోవడం. తెలుగులో పరీక్షించి చూస్తే తేడా తెలుస్తుంది. ఇక చట్టం 17వ సెక్షన్‌లో రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని కూడా ఉంది. భాషా లోపం ఉన్న పిల్లకు సంస్కృతం మార్కుల కంటే ఆ క్లాసు గంట విలువైనది.

ఆచార్యుడు: పరీక్ష హాల్లో అదనపు సమయానికి నేను అడ్డు చెప్పను. ఆ పరీక్ష తర్వాత మాత్రం నా భయం అలాగే ఉంది. అయిదు సంవత్సరాల పాఠ్యపుస్తకాలకు ఎవరూ అదనపు సమయం ఇవ్వరు. ఇస్తే ఎంతకాలం ఇస్తారు?

ఇంటర్వ్యూ దగ్గరకే మళ్లీ వద్దాం. అక్కడ నేను నిర్ణయం తీసుకోవాల్సినవాణ్ని. మీరు చెప్పినవన్నీ చేశాననుకోండి. రెట్టింపు సమయం ఇచ్చాను, ఎవరూ మధ్యలో మాట అందించలేదు. అయినా వచ్చిన విద్యార్థి చెప్పేది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మాట అంతగా దెబ్బతిన్నది. అప్పుడేం చెయ్యమంటారు?

థెరపిస్టు: ఎవరికి అర్థమవుతుందో ముందు అడగండి. అలాంటివాళ్ల మాట వాళ్ల అమ్మకు అర్థమవుతుంది, చిన్ననాటి స్నేహితుడికి అర్థమవుతుంది. అలవాటైన చెవికి అందే మాట మీ చెవికి అందలేదంతే. రాయలేనివాడికి రాసిపెట్టే మనిషిని ఇచ్చినట్టే, మాట అందనివాడికి ఆ మాటను తిరిగి చెప్పే మనిషిని ఇవ్వండి. లేదా టైప్ చేసి పలికించే యంత్రం వాడనివ్వండి.

ఆచార్యుడు: యంత్రం సరే. మనిషితోనే పేచీ. రాసిపెట్టేవాడు రాసిన కాగితం నా ఎదుట ఉంటుంది, విద్యార్థి చెప్పింది నాకూ వినపడుతుంది, రెండూ పోల్చుకోవచ్చు. ఇక్కడ విద్యార్థి చెప్పింది నాకు తెలియదు, తిరిగి చెప్పేవాడు చెప్పిందే తెలుస్తుంది. తెలివైన స్నేహితుడైతే జవాబును నాలుగు రెట్లు మెరుగుపరిచి చెప్పగలడు. నేను సీటు ఎవరికి ఇచ్చినట్టు?

థెరపిస్టు: స్నేహితుణ్ని పంపవద్దు. ఆ విద్యార్థితో నాలుగు రోజులు గడిపి ఆ మాటకు చెవి అలవాటు చేసుకున్న, ఆ సబ్జెక్టు తెలియని థెరపిస్టును పెట్టండి. అంతా రికార్డు చేయండి. అనుమానం వస్తే ఇంకో థెరపిస్టు విని చెబుతారు.

ఆచార్యుడు: సబ్జెక్టు తెలియనివాడు నా ప్రశ్నకు వచ్చిన జవాబును తప్పుల్లేకుండా తిరిగి చెప్పగలడా? క్వాంటమ్ మెకానిక్స్ తెలియని మనిషి దాన్ని విని చెబితే సగం పోతుంది. తెలిసినవాణ్ని పెడితే ఎవరి జవాబో తేలదు. ఏ మనిషిని పెట్టినా ఒక అన్యాయం మిగులుతుంది. ఒకసారి విద్యార్థికి, ఒకసారి పక్కన వరుసలో ఉన్న ఇంకో విద్యార్థికి.

థెరపిస్టు: ఈ రోజున అన్యాయం అంతా ఒక్క విద్యార్థి మీదే ఉంది. ప్రతి ఏడూ, ప్రతి గదిలో. కొత్త పద్ధతిలో రెండు వైపులా కాస్త కాస్త మిగులుతుందని ముందే ఒప్పుకుని మొదలుపెడదాం అంటాను. ఆ ముప్పై మార్కుల్లో మాట తీరుకు ఎన్ని, ఆలోచనకు ఎన్ని అని మీ బోర్డు ఇప్పటిదాకా కాగితం మీద ఎక్కడైనా రాసుకుందా సార్?

ఆచార్యుడు: రాసుకోలేదు. రాయాలి. వచ్చే బోర్డుకు ఆ కాగితం నేనే తయారు చేస్తాను, మీరొచ్చి చూడండి. తిరిగి చెప్పే మనిషి విషయంలో మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.

థెరపిస్టు: నేనూ వదల్లేదు. కాగితం చూడటానికి వచ్చినప్పుడు నాతో ఆ యంత్రం వాడే విద్యార్థిని కూడా తీసుకొస్తాను. మీ ప్రశ్నలు మీరే అడగండి.